చెవితో చదివేవారికి ఏ బ్రౌజరు మంచిది?



శుక్లం వస్తే ఆపరేషనుతో చూపు తిరిగి వస్తుంది. నీటికాసుల వ్యాధితో పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. అలాంటివారికి చుక్కల మందు రాసి ఇవ్వడంతో మన పని అయిపోయిందని మేము అనుకోము. రేపటి నుండి వారు తమ రక్తపరీక్ష రిపోర్టును, తమ బ్యాంకు ఖాతాను తామే చదువుకోగలరా అన్నది కూడా ఆరోగ్య విషయమే.

చదువుకోగలరు. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు ఉన్నాయి. ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ ముందే ఉంటుంది. కంప్యూటరుకు ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది. దీనిని 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే చూపులేని యువకుడు మొదలుపెట్టారు. ఇది తెలుగు కూడా పలుకుతుంది.

అయితే ఇంటర్నెట్‌లో స్క్రీన్ రీడర్ ఒంటరిగా పని చేయలేదు. ఏది శీర్షిక, ఏది లింకు, ఏది బటను అని దానికి చెప్పేది బ్రౌజరే. బ్రౌజరు సరిగా చెప్పకపోతే స్క్రీన్ రీడర్ మూగబోతుంది. అందుకే ఈ ఎంపిక చూపున్నవారికన్నా చూపులేనివారికి ముఖ్యం.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి.

మొదటిది, పాతదానినే పట్టుకొని ఉండడం. ఏ మీట నొక్కితే ఏమి వస్తుందో వేళ్లకు అలవాటు కావడానికి నెలలు పడుతుంది. కాబట్టి చాలామంది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను వదలలేకపోయారు. వారిని తప్పుపట్టము. కానీ మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న దానికి మద్దతు ఆపివేసింది. విండోస్ 7 కంప్యూటర్లకు కూడా 2023లో వచ్చిన 109వ క్రోమే ఆఖరుది. మరమ్మతులు ఆగిన బ్రౌజరు గొళ్లెం ఊడిన తలుపులాంటిది. అందులో బ్యాంకు పని చేయవద్దు.

రెండవది, కొత్తదంతా మంచిదే అనుకోవడం. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చినప్పుడు అది వేగంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. స్క్రీన్ రీడర్ వాడేవారికి మాత్రం నత్తనడక అయింది. కొంతకాలం పాత 52వ ఈఎస్ఆర్ రకంలోనే ఉండవలసి వచ్చింది. ఈ లోపం పూర్తిగా సర్దుకోవడానికి ఏళ్లు పట్టింది.

కాబట్టి మా అభిప్రాయం ఇది. ఒక్కదానిని నమ్ముకోకుండా రెండు ఉంచుకోండి. రోజువారీ పనికి క్రోమ్ గాని ఎడ్జ్ గాని, తోడుగా ఫైర్‌ఫాక్స్. మూడూ ఉచితమే, మూడూ ఎన్‌వీడీఏతో పని చేస్తాయి. ఒకదానిలో పేజీ పలకకపోతే రెండవదానిలో తెరవండి. అప్‌డేట్లు ఆపవద్దు. ప్రకటనల్లో కనబడే పేరు తెలియని బ్రౌజర్లను ఎక్కించవద్దు. ఫోనులో క్రోమ్‌ను ప్లే స్టోర్ నుండే అప్‌డేట్ చేయండి.

మోసాల సంగతి కూడా చెప్పాలి. బ్యాంకు పేజీ అసలుదా నకిలీదా అని చూపున్నవారే పోల్చుకోలేక మోసపోతున్నారు. వినేవారికి ఒక మార్గముంది. కంప్యూటరులో ఆల్ట్ మీటతో కలిపి డి నొక్కితే చిరునామా గడి వస్తుంది. బాణం మీటతో ఒక్కొక్క అక్షరమే వినండి. పాస్‌వర్డును అసలు పేజీలో ఒకసారి బ్రౌజరులో భద్రపరిస్తే, వేరే చిరునామాలో అది దానంతట అది నింపదు. నింపలేదంటే ఆగి ఆలోచించండి. డబ్బు పోతే ఆలస్యం చేయక వెంటనే 1930కి ఫోను చేయండి.

చివరగా ఇంటివారికి ఒక మనవి. నాన్నగారి కంప్యూటరు బాగుచేస్తున్నామని ఆయనకు చెప్పకుండా బ్రౌజరు మార్చవద్దు. అది చూపులేని మనిషి ఇంట్లో మంచం, కుర్చీ జరిపినట్లే. "మేమే చదివి పెడతాములే" అని పిన్ నంబరు అడగవద్దు. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

చిరాగ్‌పల్లి నుండి హైదరాబాదు వంద కిలోమీటర్లకు పైనే. అక్కడ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపు తగ్గినవారికి పునరావాస సేవలున్నాయి. అంత దూరం వెళ్లలేనివారికి ఇంట్లో చదువుకున్న పిల్లలే గురువులు కావచ్చు. రోజుకు అరగంట పక్కన కూర్చోండి. మీట మాత్రం వారి చేతనే నొక్కించండి.