వేసవి అంచనా అంటే ఎండ ఒక్కటే కాదు, పిడుగు సంగతీ చూడండి

 

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయి. ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న: "ఈ ఏడు ఎండలు ఎలా ఉంటాయి మాస్టారూ?" భారత వాతావరణ శాఖ ఏటా మార్చి ఆఖరు ప్రాంతంలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా వేసవి అంచనా ప్రకటిస్తుంది. టీవీలోకి వచ్చేసరికి అది "ఈసారి ఎండలు మండిపోతాయి" అనే ఒక్క మాటగా మిగులుతుంది. మనం గొడుగు, మజ్జిగ, ఓఆర్ఎస్ పొట్లాలు సిద్ధం చేసుకుంటాం. అవి కావాలి, కాదనను. కాని మన మునిగుడ వైపు వేసవికి ఇంకో ముఖం ఉంది. మధ్యాహ్నం దాకా నిప్పుల ఎండ, మూడు నాలుగు గంటలకు నల్లమబ్బు, ఈదురుగాలి, పిడుగు. ఈ రెండోదానికి మన ఇళ్లలో తయారీ తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

2025 వేసవినే తీసుకోండి. ఆ మార్చి ఆఖరున వచ్చిన అంచనాలో, దేశంలో చాలాచోట్ల ఎండ మామూలు కంటే ఎక్కువ ఉండే అవకాశం ఉందన్నారు. వడగాలుల రోజులు పెరిగే రాష్ట్రాల్లో ఒడిశా, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ పేర్లు ఉన్నాయి. తీరా మే నెలలో ఏం జరిగింది? దేశం మొత్తం మీద సగటున 126.7 మిల్లీమీటర్ల వాన పడింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో మే నెలకు అదే ఎక్కువ. మామూలుగా జూన్ 1న కేరళను తాకే నైరుతి రుతుపవనాలు మే 24కే వచ్చేశాయి.

ఆ మే నెలలోనే, 16వ తేదీన, ఒడిశాలో పిడుగులు పడి ఒక్కరోజులో కనీసం తొమ్మిది మంది చనిపోయారు. వారిలో ముగ్గురు ఆడవాళ్లు మన పక్క కోరాపుట్ జిల్లా, లక్ష్మీపూర్ వైపు వాళ్లు. పొలం పనిలో ఉండగా వాన మొదలైతే పక్కనే ఉన్న గుడిసెలోకి వెళ్లారు. పిడుగు ఆ గుడిసె మీదే పడింది. వాళ్లు చేసింది మనలో ఎవరమైనా చేసే పనే. ఈ విషయం మళ్లీ కింద చెబుతాను.

మరి ఆ వేసవి అంచనా తప్పా? అది ఏం చెబుతుందో, ఏం చెప్పదో ముందు తెలుసుకోవాలి. ఒక పిల్లవాడిని చూసి "ఈ ఏడాది వీడికి ఫస్ట్ క్లాసు వచ్చే అవకాశం ఎక్కువ" అని మాస్టారు చెప్పగలరు. వచ్చే మంగళవారం లెక్కల పరీక్షలో ఎన్ని మార్కులొస్తాయో చెప్పలేరు. వేసవి అంచనా కూడా అంతే. మూడు నెలల మొత్తం మీద ఎటు మొగ్గు ఉందో చెబుతుంది. ఏ సాయంత్రం ఏ ఊళ్లో ఉరుముతుందో దానిలో ఉండదు. పైగా "అవకాశం" అన్న మాటకు కానిదీ జరగవచ్చని అర్థం.

ఇంకో సంగతి. ఎండకూ పిడుగుకూ చుట్టరికం ఉంది. మార్చి నుంచి మే దాకా నేల బాగా కాగుతుంది. బంగాళాఖాతం నుంచి కింద తేమగాలి వస్తుంది. పైన పడమటి నుంచి పొడిగాలి వీస్తుంది. కాగిన తేమగాలి పైకి లేస్తుంది, నియమగిరి లాంటి కొండలు దాన్ని ఇంకాస్త పైకి తోస్తాయి. రెండు మూడు గంటల్లో మబ్బు పది కిలోమీటర్లకు పైగా ఎదుగుతుంది. దాని లోపల మంచు పలుకులు, వడగళ్లు ఒకదానికొకటి రాసుకుని విద్యుత్తు పుడుతుంది. ఒడియావాళ్లు కాళబైశాఖి అనేది ఈ గాలివాననే. కాబట్టి ఎండ ఎక్కువన్నారు కదా, ఇక వాన భయం లేదనుకోకూడదు.

రోజువారీ సమాచారం దగ్గర మనకొక చిక్కు ఉంది. మన ఇళ్లలో తెలుగు చానళ్లే చూస్తాం. వాటిలో విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల దాకా చెబుతారు. రాయగడ పేరు రాదు. మన జిల్లాకు సూచనలు ఇచ్చేది భువనేశ్వర్ వాతావరణ కేంద్రం. అందులో వచ్చే మాటలకు లెక్క ఉంది. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో నాలుగోవంతుకు మించకుండా. "కొన్ని చోట్ల" అంటే సగం దాకా. "చాలా చోట్ల" అంటే ముప్పావు వంతు దాకా. మన జిల్లాలో 11 బ్లాకులు ఉన్నాయి. గుడారిలో వాన పడి మునిగుడలో చినుకు రాలకపోతే, "ఒకటి రెండు చోట్ల" అన్న మాట అబద్ధమైనట్టు కాదు. రేపు వంతు మనది కావచ్చు.

రంగులు కూడా గుర్తుంచుకోండి. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త తీసుకోమని. మధ్యాహ్నం తర్వాత రాబోయే మూడు గంటలకు ఇచ్చే సూచన మనకు అన్నిటికంటే ముఖ్యం. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన దామిని యాప్, మనకు 20 నుంచి 40 కిలోమీటర్ల లోపల పిడుగు ప్రమాదం ఉంటే చెబుతుంది. ఫోను లేకపోయినా చెవులున్నాయి. మెరుపు కనబడ్డాక ఒకటి, రెండు అని సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపు ఉరుము వినబడితే పిడుగు మన దగ్గరికి వచ్చినట్టే, లోపలికి రండి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి వెళ్లకండి.

లోపలికి అంటే ఎక్కడికి? కోరాపుట్ సంగతి ఇక్కడే గుర్తుంచుకోవాలి. పొలంలో గుడిసె, తాటాకు పాక వాననుంచి కాపాడతాయి గాని పిడుగునుంచి కాపాడవు. గోడలున్న పక్కా ఇల్లు, బడి, తలుపులు మూసిన బస్సు లేదా కారు మంచివి. చెట్టు కింద అసలే వద్దు. పిడుగు చెట్టు మీద పడితే ఆ కరెంటు నేలలో చుట్టూ పాకుతుంది. చెట్టు కింద కట్టిన పశువులు ఒకేసారి చనిపోయేది అందుకే. పిల్లలూ, ఇది ముఖ్యంగా మీకు: గాలి లేవగానే రాలిన మామిడికాయలు ఏరడానికి తోటలోకి పరిగెత్తకండి. కాయలు ఎక్కడికీ పోవు. చెరువులో ఉంటే వెంటనే గట్టెక్కి ఇంటికి రండి. దారిలో ఏ ఆసరా దొరక్కపోతే పాదాలు దగ్గరగా పెట్టి గొంతుకు కూర్చోండి, పడుకోకండి. నలుగురుంటే ఒకరికొకరు దూరంగా ఉండండి.

ఉరుము వినగానే అర్జునుడి పేర్లు తలుచుకోవడం మన పెద్దల అలవాటు. తలుచుకోండి, ఇంట్లోకి వచ్చి తలుచుకోండి.

పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు నిలిచి ఉండదు. ముట్టుకోవడానికి భయపడకండి. చాలామంది గుండె ఆగి చనిపోతారు. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి, మరొకరు 108కి ఫోన్ చేయాలి. పేడలో పాతిపెట్టడం వల్ల ప్రాణం రాదు. బతికించుకునే ఆ కాస్త సమయం పోతుంది.

ఒడిశా ప్రభుత్వం 2015లో పిడుగును రాష్ట్ర విపత్తుల్లో చేర్చింది. చనిపోయినవారి కుటుంబానికి నాలుగు లక్షల రూపాయల సాయం ఉంది. అలాంటి కష్టం ఎవరింటికీ రాకూడదు. వస్తే మాత్రం పోలీసులకు, తహసీల్దారు ఆఫీసుకు వెంటనే తెలియజేయాలి.

విద్యార్థులకు సెలవుల్లో ఒక పని ఇస్తున్నాను. మీరు బడిలో ఒడియా నేర్చుకుంటున్నారు. భువనేశ్వర్ సూచనను రోజూ చదివి, అందులో రాయగడ ఉందో లేదో చూసి, అమ్మకూ తాతకూ తెలుగులో చెప్పండి. పొలానికి, జీడితోటకు, బీడీ ఆకుకు వెళ్లేవాళ్లు మధ్యాహ్నానికే తిరిగి రావాలో వద్దో ఆ ఒక్క మాట మీద తేలుతుంది. తల్లిదండ్రులు కూడా పిల్లలు చెప్పింది తేలిగ్గా తీసేయకుండా వినాలని కోరుతున్నాను.