సనదు లేని సరుకు

గత నెల ఒక జుమా నమాజు తరువాత, మా మదర్సాలో ఒకప్పుడు చదువుకున్న అబ్బాయి తల్లి నన్ను చూడవచ్చింది. "హజ్రత్! మీ శిష్యునికి మీరే నచ్చజెప్పాలి. ఒక రబ్బరు ముక్క కోసం పై అధికారితో పేచీ పెట్టుకొని సంజాయిషీ నోటీసు తెచ్చుకున్నాడు. ఇంట్లో సంపాదించేవాడు వాడొక్కడే" అన్నది. ఆ అబ్బాయి విమాన ఇంజనులు మరమ్మతు చేసే ఒక సంస్థలో స్టోర్సు ఉద్యోగి. సంగతి పూర్తిగా వినకముందే "అలాగేనమ్మా" అని మాట ఇచ్చేశాను. తొందరపడ్డానని ఆ సాయంత్రమే తెలిసింది.

జరిగినది ఇది. ఒక ఇంజను బిగింపు ముగింపుకు వచ్చింది. కావలసిన సీలు అరలో ఉన్నది, చూపునకు సరికొత్తది. అయితే దానితో వచ్చిన ధృవపత్రంలోని బ్యాచ్ సంఖ్యకూ, సంచిపైనున్న సంఖ్యకూ ఒక్క అంకె తేడా. "టైపు చేసినవాని పొరపాటు, ఇచ్చెయ్" అన్నారు అధికారి. ఇతడు ఇవ్వలేదు. చీటీ కట్టి, అనుమానిత సరుకును ఉంచే గదిలో పెట్టి తాళం వేశాడు. ఇంజను ఒక రోజు ఆలస్యమయింది.

"స్టోర్సంటే సామాను ఎత్తి దించడమే కదా నాయనా?" అని నేనూ అడిగాను. అతడు నొచ్చుకోలేదు. బేరింగును వట్టి చేతితో తాకరాదట, చెమట తగిలితే తుప్పు పడుతుంది. రబ్బరు సీళ్లకు నిల్వ గడువుంటుంది. గది వేడినీ తేమనూ నమోదు చేస్తూ ఉండాలి. ఇంజనులో తిరిగే ప్రధాన చక్రాల ఆయువును ఏళ్లతో లెక్కించరు. ఒకసారి ఎగిరి దిగితే ఒక ఆవృత్తి. సీఎఫ్ఎం56 వంటి ఇంజనులో కొన్ని చక్రాలకు 20 వేలు, కొన్నింటికి 30 వేల ఆవృత్తులు హద్దు. పుట్టిన నాటి నుండి ఆ లెక్క కాగితంపై తెగకుండా రావాలి. నడుమ ఒక్క యజమాని వద్ద లెక్క తప్పిపోతే, చక్రం అద్దంలా మెరుస్తున్నా ఇంజనులోకి పోదు. పనికిరాదని తేలిన భాగాన్ని ఊరికే పారవేయరు, కోసి రూపుమాపుతారు. లేకుంటే ఎవరో ఏరుకొని, మెరుగుపెట్టి అమ్ముకుంటారు.

ఇది వింటున్నప్పుడు నాకు నా పాఠ్యాంశమే గుర్తుకు వచ్చింది. హదీసు విద్యలో మేము బోధించేది ఇదే కదా! ఉల్లేఖనంలోని మాట ఎంత సొగసుగా ఉన్నా, చెప్పినవారి పరంపరలో ఒక పేరు జారిపోతే దానిని ప్రామాణికంగా స్వీకరించరు. ముప్పై ఏళ్లుగా సనదు గురించి పాఠం చెబుతున్న నేను, సనదు అడిగిన శిష్యుణ్ణి మందలించబోయాను.

అంకె తేడాతో ఏమవుతుందని అనుకునేవారికి లండన్ ఉదంతం చాలు. అక్కడి ఏఓజీ టెక్నిక్స్ అనే వ్యాపార సంస్థ నకిలీ ధృవపత్రాలతో ఇంజను భాగాలు అమ్మినట్లు 2023లో బయటపడింది. పోర్చుగల్ విమాన సంస్థ మరమ్మతు విభాగంవారికి, కాగితంలో కొత్తదన్న చిన్న భాగం అరిగినట్లు కనిపించడంతో అనుమానం మొదలయింది. పత్రాన్ని తయారీదారుకు పంపితే, అది తమది కాదని జవాబు వచ్చింది. ఆ తరువాత పలు దేశాల విమాన సంస్థలు ఇంజనులు దింపి వెదకవలసి వచ్చింది. అంతకు ముందు ఆ సరుకు ఎన్ని స్టోర్సుల గుమ్మాలు దాటిందో ఆలోచించండి. ప్రతి గుమ్మం వద్దా ఒక ఉద్యోగి కూర్చునే ఉన్నాడు.

శంషాబాద్‌లో 2025 నవంబరులో సాఫ్రాన్ వారి లీప్ ఇంజనుల మరమ్మతు కేంద్రం ప్రారంభమయింది. ఇక మన పిల్లలు కూడా ఈ గుమ్మాల వద్ద కూర్చుంటారు. డిగ్రీ చదివినవాడు గోదాములో పని చేయడమేమిటని పెళ్లి సంబంధాలవారు ముఖం చిట్లించడం నేను చూశాను. వారిదీ నా అజ్ఞానమే.

మరునాడు వారి ఇంటికి వెళ్లి, "అమ్మా, నేనిచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను. ఆమె చాలాసేపు పలుకలేదు. చివరకు, "అయితే ఆ నోటీసుకు జవాబు మీరే దగ్గరుండి వ్రాయించండి హజ్రత్" అన్నది.

అతడు చెప్పాడు, నేను వ్రాశాను. సీలు సంఖ్య, పత్రంలోని సంఖ్య, తేదీ, గదికి తాళం వేసిన సమయం. "నిజాయితీతో" అన్న మాట ఒకటి చేర్చబోతే, "అది కాగితంలో లేదు ఉస్తాద్‌జీ" అని కొట్టివేయించాడు. జాబు పంపి పన్నెండు రోజులయింది. అతడు రాత్రి డ్యూటీకి వెళ్తూనే ఉన్నాడు.