బడిలో పాఠం, పెరట్లో పొగ

ఉన్నత పాఠశాల పిల్లలకు పర్యావరణం కొత్త విషయం కాదు. 1991లో ఎం.సి. మెహతా వేసిన కేసులో, పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2001-02లో జాతీయ హరిత దళం పేరిట బడుల్లో పర్యావరణ క్లబ్బులు మొదలయ్యాయి. 2025 జనవరిలో మన రాష్ట్రంలో ప్రతి నెలా మూడవ శనివారం స్వచ్ఛతా కార్యక్రమం ప్రారంభమైంది. పాఠం ఉంది, వ్యాసరచన పోటీ ఉంది, ర్యాలీ ఉంది. అయినా గదులు ఊడ్చిన చెత్తను ప్రహరీ గోడ మూలకు చేర్చి అగ్గిపుల్ల గీసే అలవాటు చాలా బడుల్లో పోలేదు. పిల్లలు విన్నది మరచిపోతారు, చూసింది నేర్చుకుంటారు.

మన కాణిపాకం బాహుదా నది ఒడ్డున ఉంది. కాణి అంటే మాగాణి అనీ, దానిలోకి నీరు పారే చోటు కనుక ఆ పేరు వచ్చిందనీ పెద్దలు చెబుతారు. వినాయక చవితి నుండి 21 రోజులు ఇక్కడ బ్రహ్మోత్సవాలు. ఏడాది పొడవునా యాత్రికులు వచ్చే ఊరిలో నీళ్ల సీసాలు, టీ కప్పులు, కొబ్బరి చిప్పలు మిగలడం సహజం. తప్పు ఎవరిదని వాదించుకుంటూ కూర్చుంటే ఆ చెత్త కదలదు. ఈ ఊళ్లలో పెరిగే పిల్లలకు చెత్తతో ఎలా మెలగాలో ఇతరులకన్నా ముందే తెలియాలి.

ఇది ఆరోగ్యానికి సంబంధించిన మాట. డెంగీ, చికున్‌గున్యా వ్యాపింపజేసే ఏడిస్ దోమ మురుగులో కాదు, కొబ్బరి చిప్పలో, పగిలిన కుండలో, పాత టైరులో నిలిచిన మంచి నీటిలో పెరుగుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అది కుట్టేది పగటి పూట, అంటే మన పిల్లలు బడిలో ఉండే వేళ. 2006లో చికున్‌గున్యా రాయలసీమ పల్లెలను ఎలా మంచాన పడేసిందో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది.

ఇక పొగ సంగతి. ప్లాస్టిక్ కాలితే కంటికి కనిపించని సన్నని మసితో పాటు డయాక్సిన్ల వంటి విషపదార్థాలు గాలిలో కలుస్తాయి. ఉబ్బసం ఉన్న బిడ్డకు ఆ పొగ వెంటనే ఆయాసం తెప్పించగలదు. చెత్తను బహిరంగంగా తగులబెట్టరాదనీ, తగులబెడితే రూ. 5,000, పెద్ద మొత్తంలో అయితే రూ. 25,000 జరిమానా విధించాలనీ జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే ఆదేశించింది.

మరి ఏమి చేయాలి? ఆసుపత్రి వార్డులో పసుపు, ఎరుపు, నీలం, తెలుపు డబ్బాలు మీరు చూసే ఉంటారు. రక్తం అంటిన దూది పసుపులోకి, ప్లాస్టిక్ గొట్టాలు ఎరుపులోకి, గాజు నీలంలోకి, సూదులు తెల్లదానిలోకి వెళ్తాయి. దానిలోని సూత్రం ఒకటే: చెత్త ఎక్కడ పుట్టిందో అక్కడే వేరు చేయాలి. ఒకసారి కలిసిపోతే వేరు చేసే చేతికి ప్రమాదం. బడికీ ఇదే వర్తిస్తుంది. మధ్యాహ్న భోజనంలో మిగిలిన మెతుకులు, గుడ్డు పెంకులు, కూరగాయల తొక్కలు, రాలిన ఆకులు ఒక గుంటలో పొరలు పొరలుగా వేస్తే రెండు మూడు నెలల్లో ఎరువు అవుతుంది. కాగితాలు, సీసాలు పాత సామాన్ల వ్యాపారికి ఇవ్వవచ్చు. చిక్కీ కాగితాల వంటి పలుచటి ప్లాస్టిక్‌ను సంచిలో కూర్చి పంచాయతీ చెత్త బండికి ఇవ్వాలి. వారం రోజుల చెత్తను తరగతివారీగా తూకం వేసి పట్టిక రాయిస్తే అదే లెక్కల పాఠం, అదే సైన్సు పాఠం.

ఎవరూ పైకి అనని మాట మరొకటి ఉంది. 2021లో ప్రభుత్వం 'స్వేచ్ఛ' పథకం కింద బడి ఆడపిల్లలకు శానిటరీ నాప్కిన్లు ఇవ్వడం ప్రారంభించింది. వాడినవి వేయడానికి మరుగుదొడ్డిలో మూత ఉన్న డబ్బా, చుట్టడానికి కాగితం లేకపోతే ఆ పిల్ల ఏమి చేస్తుంది? గోడ అవతలికి విసురుతుంది, లేదా గొట్టంలో పడేస్తుంది, లేదా ఆ రోజుల్లో బడి మానేస్తుంది. ఈ డబ్బా గురించి అడగడానికి తల్లులు సిగ్గుపడనక్కరలేదు.

"మా బిడ్డను చదువుకోవడానికి పంపాము, చెత్త ఎత్తడానికి కాదు" అని కొందరు తల్లిదండ్రులు అంటారు. ఆ కోపంలో న్యాయం ఉంది. తరతరాలుగా కొన్ని ఇళ్ల వారి చేతికే చీపురు ఇచ్చిన దేశం మనది. ఇప్పటికీ కొన్ని బడుల్లో చీపురు ఆడపిల్లల చేతికో, పేద పిల్లల చేతికో వెళుతుంది. అలా చేస్తే పరిశుభ్రత పేరిట వివక్షను నేర్పినట్లే. కానీ ఎవరి చెత్తను వారు సరైన డబ్బాలో వేయడం వేరు, ఇతరుల మురికిని ఒకరి చేత ఎత్తించడం వేరు. మొదటిది ప్రతి విద్యార్థీ, ప్రతి ఉపాధ్యాయుడూ చేయాలి. తరగతి గది ఊడ్చే వంతు హాజరు పట్టీ వరుసలో అబ్బాయిలకూ రావాలి. మరుగుదొడ్లు కడిగే పని పిల్లలకు ఎప్పుడూ చెప్పరాదు. ఆ పని చేసే ఆయమ్మకు చేతి తొడుగులు, సబ్బు, సకాలంలో జీతం అందాలి.

బడిని ప్రశ్నించే ముందు మన విందులు కూడా చూసుకుందాం. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, స్పూన్లు 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధం. సంఘ భోజనాల్లో, పెళ్లిళ్లలో విస్తరాకు, స్టీలు గ్లాసు మళ్లీ వాడుకలోకి తెస్తే పిల్లలు మన మాట నమ్ముతారు.

ఈసారి బడిలో తల్లిదండ్రుల సమావేశానికి పిలుపు వస్తే మార్కులతో పాటు మూడు ప్రశ్నలు అడగండి. చెత్త తగులబెట్టడం ఆపారా? ఆడపిల్లల మరుగుదొడ్డిలో మూత డబ్బా ఉందా? వారానికి ఒకసారి నీరు నిలిచే చోట్లన్నీ ఆరబోస్తున్నారా? జవాబు లేదని వస్తే ఉపాధ్యాయులను నిందించి వచ్చేయకండి. ఒక శనివారం వెళ్లి గుంట తవ్వడంలో చేయి కలపండి.