గేమ్ అంటే ఒక్కటేనా?

మా గాజువాకలోనే కాదు, ఎంవీపీ కాలనీకి వెళ్లినా, ఉక్కునగరం క్వార్టర్సులో కాసేపు కూర్చున్నా తల్లుల నోట ఒకటే మాట: "పిల్లలు గేముల్లో పడి పాడైపోతున్నారండీ!" కాదనను. కానీ ఆ ఒక్క మాట కింద మనం మూడు వేరు వేరు సంగతుల్ని కలిపేస్తున్నాం.

డబ్బు పెట్టి ఆడేది ఒకటి. ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది. శిక్ష ఆడినవారికి కాదు, ఆడించేవారికి. మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. జీతం రాళ్లు ఫోన్లో పోగొట్టుకున్న మగవాళ్లున్న ఇళ్లకి దీని విలువ వేరే చెప్పాలా? అదే చట్టం పందెం లేని ఆటల్ని ప్రోత్సహిస్తామని కూడా అంటోంది. ఆ ముక్క మాత్రం మన ఇళ్ల దాకా రాలేదు.

రెండోది సరదాకి ఆడేది. 2020 సెప్టెంబరులో పబ్‌జీని ఆపేస్తే "పీడ వదిలింది" అనుకున్నాం, గుర్తుందా? అది మన పిల్లల చదువు కోసం కాదు, దేశ భద్రత, సమాచార భద్రత కారణాలతో. మరుసటి ఏడే పేరు మార్చుకుని వచ్చేసింది. ఇక ఇది జబ్బా అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో గేమింగ్ వ్యసనం ఉంది. అలాగని సెలవుల్లో రెండు గంటలు ఆడినవాడు రోగి అయిపోడు. ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నీ వెనకబడిపోవడం, నష్టం తెలిసినా మానకపోవడం, ఇదంతా మామూలుగా ఏడాదిపాటు సాగితేనే ఆ మాట వాడతారు.

మూడోది గేము తయారు చేయడం. మా వీధిలో ఇంటర్ చదివే అమ్మాయి పాత లాప్‌టాప్ మీద ఆ పని మొదలెట్టింది. గోడో అనే సాఫ్ట్‌వేరు వాడుతోంది. అర్జెంటీనావాళ్లు మొదలుపెట్టి 2014లో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు దాన్ని. ఆటేమిటంటే మన పోర్టే! క్రేనుతో కంటైనర్లు ఓడలోకి ఎక్కించాలి, బరువంతా ఒక పక్కకే పడితే ఓడ ఒరిగిపోతుంది. "ఎంత ఒరగాలో లెక్క కుదరట్లేదు ఆంటీ" అంటూ ఫిజిక్సు పుస్తకం ముందేసుకుని కూర్చుంది. మన అమ్మమ్మలు గచ్చు మీద గీసుకున్న అష్టాచెమ్మాకి గళ్లు ఎన్నుండాలో కూడా ఎవరో ఇలాగే తల బద్దలు కొట్టుకుని ఉంటారు కదా!

వాళ్లమ్మకి మాత్రం తెర మీద బొమ్మలు కదలడమే కనబడింది. "ఆడపిల్లవి, నీకూ ఈ పిచ్చేనా?" అని లాప్‌టాప్ తీసుకెళ్లి బీరువాలో పెట్టేసింది. పక్క గదిలో తమ్ముడు తుపాకులాట ఆడుకుంటున్న ఫోను జోలికి ఎవరూ పోలేదు. నన్ను బాధపెట్టింది అదే.

గేములు చేస్తే రేపే ఉద్యోగం వచ్చేస్తుందని నేను చెప్పను. పుణెలో ఒక చిన్న బృందం 2020లో 'రాజీ' అనే ఆట తెచ్చింది. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడి కోసం పోరాడే అమ్మాయి కథ అది. అంత దూరం అందరూ వెళ్లలేరు. అయినా పిల్లల చేతిలోది లాక్కునే ముందు పక్కన ఓ పది నిమిషాలు కూర్చుని, "ఇది ఆడుతున్నావా, చేస్తున్నావా?" అని అడగడానికి మనకేం ఖర్చు?

వాళ్లమ్మతో ఈ మాటే అన్నాను. పరీక్షలయ్యాక చూద్దాంలెండి అంది.