గర్నాళాకు అవతలి సినిమా

వృత్తిరీత్యా అనువాదకుణ్ణి గనుక, మొట్టమొదట నేను అనువదించినది ఏ గ్రంథమని మిత్రులు అప్పుడప్పుడు అడుగుతుంటారు. ఏదో ఒక ఆంగ్ల కథ పేరు చెప్పి తప్పించుకుంటాను. నిజానికి నా తొలి అనువాదం కాగితం మీద జరగలేదు. సూరత్‌లో ఒక సినిమాహాలు చీకటిలో, పక్క కుర్చీలోని పిల్లవాడి చెవిలో జరిగింది.

మాది సిరిసిల్ల నుంచి సూరత్‌కు వలసవెళ్ళిన పద్మశాలి కుటుంబం. బాపు లింబాయత్‌లో సాంచాల కార్ఖానాలో పనిచేసేవాడు. మరమగ్గాలను మావారు సాంచాలనే అంటారు. పన్నెండు గంటల షిఫ్టు. నేసిన మీటర్లను బట్టి కూలి. మా వరుస ఇళ్ళలో తెలుగువారు, ఒరియావారు, ఖాందేశ్ నుంచి వచ్చిన మరాఠీలు కలిసిమెలిసి ఉండేవారు. నేను కార్పొరేషన్ వారి తెలుగు బడికీ, పక్కింటి ఖాందేశీ బాలుడు వారిదే మరాఠీ బడికీ పోయేవాళ్ళం. ఒక గుజరాతు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతున్నదంటే మనవైపు వారికి ఇప్పటికీ నమ్మకం కుదరదు! మా ఇద్దరికీ ఉమ్మడి భాష వీధి హిందీ.

ఆదివారం ఉదయపు ఆటగా ఎప్పుడైనా ఒక తెలుగు చిత్రం వచ్చేది. లింబాయత్ నుంచి నగరంలోకి పోవాలంటే రైలుపట్టాల కింది దారి గుండా నడవాలి. దానిని అక్కడివారు గర్నాళా అంటారు. వాన కురిస్తే అందులో మోకాటిలోతు నీరు. చెప్పులు చేతబట్టుకొని, లాగులు తడుపుకొని, ఆ అవతల ఉన్న హాలుకు చేరేవాళ్ళం.

1990లో విడుదలైన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ మా హాలుకు కొంత ఆలస్యంగానే వచ్చింది. శ్రీదేవినీ, అమ్రీష్ పురినీ ‘మిస్టర్ ఇండియా’లో చూసి ఉన్న నా మిత్రుడికి, వారు తెరమీద తెలుగు మాట్లాడడం ఒక వింత. “ఏమన్నది? ఏమన్నది?” అని మోచేత్తో పొడిచేవాడు. ఉంగరం పోయిన సంగతి, మాంత్రికుని సంగతి సులువుగానే చెప్పాను. చిక్కల్లా ఇంద్రుని కుమార్తె ఆ భూలోకవాసిని ‘మానవా’ అని పిలిచినప్పుడు వచ్చింది. హాలంతా నవ్వుతున్నది, ఆ నవ్వును వీడికి అందించడమెట్లా? హిందీలోనూ ‘మానవ్’ అనే మాట ఉన్నది గాని, అది పాఠ్యపుస్తకపు మాట. అందులో ఆ చులకనా లేదు, ఆ చనువూ లేదు. ఆలోచించి ‘ఆద్మీ’ అన్నాను. వాడు అర నిమిషం ఆలస్యంగా పకపకా నవ్వాడు. ముందు వరుస పెద్దమనిషి వెనుదిరిగి కసిరాడు. ఆ చిత్రాన్ని హిందీలోకి మార్చినవారు దానికి ‘ఆద్మీ ఔర్ అప్సర’ అని పేరు పెట్టారని చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. అప్పుడు కలిగినంత గర్వం, అచ్చయిన నా పుస్తకాలలో ఏ ఒక్కటీ కలిగించలేదు.

1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చిపడింది. లక్షలాది జనం నగరం విడిచారు. బడులు, సినిమాహాళ్ళు మూతపడ్డాయి. మేము నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ దాకా నిలబడే వచ్చాము. మిత్రుని కుటుంబం అంతకు ముందు రాత్రే వెళ్ళిపోయింది. దీపావళి నాటికి మేము తిరిగివచ్చాము; వారు రాలేదు. కొన్నాళ్ళు తాళం వేలాడిన ఆ గదిలోకి వేరెవరో వచ్చారు. మరుసటి ఏడు ఎస్.ఆర్. రావుగారు కమిషనరుగా వచ్చి ఊరి ముఖమే మార్చివేశారు. దేశమంతా ఆ శుభ్రతను గురించి చెప్పుకున్నది. నేను మాత్రం ఆదివారాలు ఒక్కణ్ణే గర్నాళా దాటేవాణ్ణి. మంచి సంభాషణ వినబడగానే తల అలవాటుగా పక్కకు వాలేది.

2024 డిసెంబరులో చిన్నమ్మను చూడడానికి మళ్ళీ సూరత్ వెళ్ళాను. 1991లో సుమారు 15 లక్షలున్న ఆ నగర జనాభా 2011 నాటికే 44 లక్షలు దాటింది. గర్నాళా అక్కడే ఉన్నది. హాలు ఉన్నచోట మాత్రం చీరల గోదాముల భవనం లేచింది. ఇక్కడొక సినిమాహాలు ఉండేది గదా అని కాపలావాణ్ణి అడిగితే, “ఎప్పుడు?” అన్నాడు.

ఆ సాయంత్రం చిన్నమ్మ మనుమడు మమ్మల్ని ‘పుష్ప 2’కు తీసుకొనిపోయాడు. తెలుగు చిత్రమే గాని, మేము చూసినది హిందీ ఆట. అల్లు అర్జున్ నోట శ్రేయస్ తల్పడే గొంతు! ఆ చిత్తూరు యాస ఏమైపోయిందో వెదుక్కుంటూ, ప్రతి మాటనూ మనసులోనే మళ్ళీ తెలుగు చేసుకుంటూ, ముఖం ముడుచుకొని కూర్చున్నాను.

అప్పుడు పక్కనుంచి గుసగుస వినిపించింది. చిన్నమ్మకు నలభై ఏళ్ళయినా అంగడి హిందీ తప్ప రాదు. మనుమడు ఆమె చెవిలో కథ చెబుతున్నాడు. ఆ తెలుగులో సగం హిందీ, పావు గుజరాతీ. “వాడు ఎవనికీ ఝుకడు బాపమ్మా” అన్నాడు.

‘తగ్గడు’ అనాలిరా అని సవరించడానికి అటు వంగాను. చిన్నమ్మ అప్పటికే నవ్వుతున్నది, అర నిమిషం ఆలస్యంగా. ముందు వరుసలోనుంచి ఎవరో వెనుదిరిగి, వంగి ఉన్న నన్ను చూసి కసిరారు.