ఫ్రీగా తెచ్చుకుంటే నామోషీనా?

ఇక్కడ అమెరికాలో నెలాఖరున ఏ అపార్టుమెంటు డంప్‌స్టర్ పక్కన చూసినా టేబుళ్ళు, కుర్చీలు, పుస్తకాల అరలు. లీజు అయిపోయినవాళ్ళు వదిలేసి పోయినవి. అదే వారం మనవాడు కార్డు గీకి కొత్త టేబులు కొంటాడు. ఇదేంటయ్యా అంటే, "ఎవడో వాడింది మనకెందుకు, నామోషీ!" అంటాడు.

ఇంజనీరింగులో సీనియర్ దగ్గర డ్రాఫ్టర్ తీసుకున్నప్పుడు, అన్నయ్య పుస్తకాలకి కొత్త అట్టలేసుకున్నప్పుడు ఈ నామోషీ ఎక్కడుందో?

2018లో అమెరికాలో చెత్తగా మారిన ఫర్నిచర్ దాదాపు 1.2 కోట్ల టన్నులు. అందులో 80 శాతం భూమిలో పూడ్చేశారని ఈపీఏ లెక్క. ఇలా పారేసేది ఆపాలనే 2003లో ఆరిజోనాలోని టూసాన్‌లో ఫ్రీసైకిల్ మొదలైంది. ఇచ్చేవాడు డబ్బులడగడు, తీసుకునేవాడు బదులివ్వక్కర్లేదు. నేను కోడు రాసుకునే బల్ల అలా వచ్చిందే.

అన్నీ తెచ్చుకోమనట్లేదు. పరుపులు, మెత్తటి సోఫాలు వద్దు, నల్లులు రావచ్చు. పిల్లల కారు సీటూ వద్దు, అది ఏ యాక్సిడెంట్లో ఉందో తెలీదు. చెక్కా, ఇనుమూ అయితే సందుల్లో నల్లులు లేవని చూసుకుని, శుభ్రంగా తుడుచుకుంటే చాలు.

ఇల్లు మారేటప్పుడు మీ సామాను కొత్తగా దిగే ఎమ్మెస్ కుర్రాళ్ళకివ్వండి. పనికొచ్చేది పారేయడానికి కదండీ మనం నామోషీ పడాల్సింది?