పుచ్చకాయ తేలుతుంది, చింతగింజ మునుగుతుంది

మన బడుల్లో మునగడం, తేలడం ప్రయోగం చేయించడం లేదని ఎవరూ అనలేరు. చేయిస్తున్నారు. టబ్బులో నీళ్లు పోసి ఒక రాయి, ఒక రూపాయి బిళ్ల, ఒక మేకు, ఒక ఎండుటాకు, థర్మకోల్ ముక్క, సీసా మూత వరుసగా వేయిస్తారు. నోటుబుక్కులో రెండు గడులు గీయించి ఏది మునిగిందో, ఏది తేలిందో రాయిస్తారు. చివర్లో పిల్లలే ఒక సూత్రం చెబుతారు: బరువైనవి మునుగుతాయి, తేలికైనవి తేలుతాయి. టీచరు మెచ్చుకుంటారు. గంట మోగుతుంది. పాఠం అయిపోతుంది.

ఆ సూత్రం తప్పు. తప్పు పిల్లలది కాదు. వాళ్ల ముందు మనం పెట్టిన వస్తువుల నుంచి ఎవరైనా అదే చెబుతారు. చేతికి బరువుగా తగిలినవన్నీ మునిగేలా, తేలికగా ఉన్నవన్నీ తేలేలా జాబితాను మనమే కూర్చాం. నా అభ్యంతరమంతా ఆ జాబితా మీదే. ఈ ప్రయోగం సాంద్రతకు తొలి మెట్టు అనుకుంటాం కానీ, ఇలా చేయిస్తే ఆ మెట్టు దగ్గరే దారి మూసేసినట్టు. తరువాత నాలుగైదేళ్లకు తొమ్మిదో తరగతిలో ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగించమన్నప్పుడు, ఆ భాగహారం ఎందుకో ఆ పిల్లకు తెలియదు. బరువు చూస్తే సరిపోతుందని కదా చిన్నప్పుడు తేల్చేసుకుంది!

అందుకే మొదటి రోజే టబ్బులో పుచ్చకాయ పడాలి. నాలుగు కిలోల కాయ, మూడో తరగతి పిల్లవాడు రెండు చేతులతో ఎత్తలేక అవస్థ పడేంతటిది, నీళ్లలో హాయిగా తేలుతుంది. పక్కనే ఒక చింతగింజ వేయండి. అరచేతిలో ఉందో లేదో కూడా తెలియని గింజ నేరుగా అడుక్కి పోతుంది. వేసే ముందు ప్రతి ఒక్కరి చేతా ఊహ చెప్పించాలి. చెప్పినదాన్ని రాయించాలి కూడా, లేకపోతే ‘నాకు ముందే తెలుసు’ అనే వాళ్లే అందరూ. ఊహ తప్పినప్పుడు గదిలో లేచే గోల ఉంది చూశారూ, అసలు పాఠం అక్కడ మొదలవుతుంది. దాన్ని అణచకండి.

తరువాత కత్తి తీయాలి. కొవ్వొత్తి తేలుతుంది. సగానికి కోసినా తేలుతుంది, నాలుగు ముక్కలు చేసినా తేలుతుంది. ఇందులో పిల్లలకు వింత ఏమీ కనపడదు. బంగాళాదుంపతో మాత్రం చిక్కుపడతారు. దుంప మునిగింది, సరే, బరువు. శనగగింజంత ముక్క కోసి వేస్తే? అది తేలుతుందని చాలామంది పందెం కాస్తారు. మునుగుతుంది. బరువు తగ్గింది కదా, మరి ఎందుకు తేలలేదు? ఈ ప్రశ్నకు జవాబు ఆ రోజు చెప్పకూడదు. ఒక రాత్రి దాన్ని ఇంటికి మోసుకెళ్లనివ్వాలి.

స్విట్జర్లాండ్ మనోవిజ్ఞాని పియాజే, ఆయన సహ పరిశోధకురాలు ఇన్‌హెల్డర్ కలిసి 1955లో ఫ్రెంచిలో ప్రచురించిన పుస్తకంలో ఒక అధ్యాయం ఈ ప్రయోగం మీదే ఉంది. మరీ చిన్నవాళ్లు ఒక్కో వస్తువుకు ఒక్కో కారణం చెబుతారు. ఇది చిన్నది కాబట్టి, అది గట్టిది కాబట్టి, ఇంకోటి చదునుగా ఉంది కాబట్టి. ఒక కారణం ఇంకోదాన్ని కొట్టేస్తున్నా వాళ్లకు పట్టదు. కొంచెం పెద్దయ్యాక ఆ పొసగనితనం వాళ్లను తొలుస్తుంది. వస్తువును దానంత చోటు పట్టే నీళ్లతో పోల్చి చూడటం ఇంకా ఆలస్యంగా, సుమారు పన్నెండేళ్ల వయసుకు కుదురుతుంది. ఇది చదివి కొందరు, అయితే పన్నెండేళ్లదాకా ఆగుదాం అంటారు. నేను ఒప్పుకోను. ఆ పోలిక కుదరాలంటే ముందు కళ్లతో చూసి, చేతులతో పట్టుకుని, నాలుగుసార్లు ఊహ తప్పి ఉండాలి. ఆ సరుకు పోగుచేసుకునే కాలం అదే.

దానికి లాబొరేటరీ అక్కర్లేదు. గారెల పిండి చాలు. పిండి అయిందో లేదో చూడటానికి చిన్న ఉండ తీసి గ్లాసు నీళ్లలో వేయడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న పరీక్ష. మునిగితే ఇంకా రుబ్బాలి, తేలితే చాలు. అమ్మమ్మ చేస్తుంటే పిల్లలు చూస్తూనే ఉంటారు కానీ, ఎందుకని ఎవరూ అడగరు. అడిగించండి. రుబ్బడం మొదలైన కాసేపటికి ఒక చెంచా పిండి, బాగా గిలకొట్టాక ఒక చెంచా పిండి పక్కపక్కన రెండు గ్లాసుల్లో వేయించండి. అవే మినుములు, అవే నీళ్లు. మధ్యలో చేరింది గాలి ఒక్కటే. గాలి చేరి ముద్ద ఉబ్బింది. పిండి బరువు అంతే ఉంది, అది పట్టే చోటు పెరిగింది. బరువు మాటెత్తకుండా, చోటు మారితే ఏమవుతుందో చూపించే ఇంతకన్నా శుభ్రమైన ప్రయోగం నాకు తెలియదు.

పూరీ కూడా అంతే. నూనెలో వేయగానే అడుక్కి పోతుంది, పొంగగానే పైకి వస్తుంది. పిండిలోని నీరు ఆవిరై పొరను ఉబ్బిస్తుంది. కొంత ఆవిరి బయటికి పోతుంది కనుక బరువు పిసరంత తగ్గుతుంది కూడా, కానీ పూరీని పైకి తెచ్చింది ఆ పిసరు కాదు, ఆ పొంగు. ఎన్‌సీఈఆర్‌టీ ఐదో తరగతి పరిసరాల పుస్తకం ‘లుకింగ్ అరౌండ్’లో నీటి ప్రయోగాల పాఠం ఈ పూరీతోనే మొదలైంది. ఆయేషా అనే అమ్మాయి వాళ్లమ్మ పూరీలు చేస్తుంటే పక్కన నిలబడి చూస్తుంది. ఆ పుట రాసిన వాళ్లకు నమస్కారం పెట్టాలి. అయితే పూరీని పెద్దవాళ్లే వేయాలి, పిల్లలు బాణలికి దూరంగా నిలబడి చూడాలి. గ్లాసులో గారెల పిండికి ఆ భయం లేదు.

మట్టితో ఇంకో అడుగు వేయొచ్చు. ఉండ చేస్తే మునిగే బంకమట్టి, దొప్పలా వత్తితే తేలుతుంది. చిటికెడు మట్టి కూడా తీయలేదు, కలపలేదు. చపాతీలు చుట్టే అల్యూమినియం రేకు నుంచి సమానమైన రెండు ముక్కలు చింపి, ఒకటి వదులుగా నలిపి, ఇంకొకటి గట్టిగా మడిచి రాయితో బాగా నలగ్గొట్టండి. చేత్తో నొక్కితే చాలదు, మడతల్లో గాలి ఉండిపోతుంది. వదులుగా నలిపింది తేలుతుంది, నలగ్గొట్టింది మునుగుతుంది. ఇక విశాఖ రేవులో ఇనుప ఓడలు ఎలా తేలుతున్నాయో పిల్లలే చెబుతారు. మనం నోరు తెరవక్కర్లేదు.

మన నేల మీదే ఈ పాఠానికి గొప్ప సాక్ష్యాలున్నాయి. శేషాచలం కొండల ఎర్రచందనం తీసుకోండి. ముదిరిన చేవ నీళ్లలో మునుగుతుంది. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్ల పొణికి ఎంత తేలికంటే, చేతిలోకి తీసుకున్నవాళ్లు ఇది నిజంగా కర్రేనా అంటారు. రెండూ చెట్లే, రెండూ కలపే. కర్ర తేలుతుంది అని గడిలో రాయించిన వాక్యం ఎర్రచందనం ముందు నిలవదు. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడి సంగతి చూడండి. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడిని యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయి. విహారయాత్రకు తీసుకెళ్లిన పిల్లలకు దాన్ని మాయలా చెప్పి వదిలేయడం నాకు కష్టంగా ఉంటుంది. ఆ ఇటుక లోపలంతా సన్నని రంధ్రాలు. ఎంత చోటు పట్టిందో అంత బరువు లేదు. గోడల మీద, పునాది మీద భారం తగ్గించాలని ఆలోచించి చేసిన పని అది. గారెల పిండి ప్రయోగం చేసి వెళ్లిన పిల్లకు ఆ శిఖరం కింద నిలబడ్డప్పుడు కట్టినవాళ్ల బుద్ధి కనపడుతుంది. అది మాయకన్నా పెద్ద సంతోషం.

ఇంతవరకూ వస్తువునే మార్చాం. నీళ్లనూ మార్చాలి. లేకపోతే తేలడం, మునగడం వస్తువులో ఉండిపోయిన గుణం అనుకుంటారు. తాజా కోడిగుడ్డు మంచినీళ్లలో మునుగుతుంది. గ్లాసుకు రెండు మూడు పెద్ద చెంచాల ఉప్పు కలుపుతూ పోతే ఒక దశలో గుడ్డు లేస్తుంది. ఉప్పు ఒక్కసారిగా పోయకండి. కొంచెం వేసి, కరిగించి, చూసి, మళ్లీ వేయడంలోనే రుచి ఉంది. ఇది రైతులకు తెలిసిన విద్య. వరి విత్తనం శుద్ధి చేయడానికి నీళ్లలో ఉప్పు కలుపుతూ గుడ్డు వేసి చూస్తారు, పావలా బిళ్లంత మేర పైకి కనపడితే ఉప్పు సరిపోయినట్టు. అందులో వడ్లు పోస్తే తాలు గింజలు పైకి తేలతాయి, గట్టి గింజలు అడుగున ఉంటాయి. తాలు తీసేసి, మంచి విత్తనాన్ని మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడుగుతారు, ఉప్పు మిగిలితే మొలకకు చేటు. పల్లెటూరి బడి అయితే ఊళ్లో ఒక రైతును పిలిపించి ఇది చేయించవచ్చు. ఆయన చేతిలో ఉన్న విజ్ఞానం సైన్సు పుస్తకంలోదే అని పిల్లలకు తెలియాలి. ఆయన కొడుకూ కూతురూ అదే తరగతిలో ఉంటే మరీ మంచిది.

బియ్యం గాలించడం కూడా చూపించాలి. అక్కడ బియ్యమూ మునిగేదే, రాయీ మునిగేదే. అయినా రాయి వెనకబడిపోతుంది. మునిగేవాటిలోనూ హెచ్చుతగ్గులుంటాయని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం లేదు. ఈ రోజుల్లో రాళ్లు లేని బియ్యమే వస్తున్నాయి కనుక గుప్పెడు ఇసుక మనమే కలపాలి.

చాలా బడులు దాటేసే మెట్టు దీని తరువాతిది. సూత్రం చెప్పేముందు తూకం వేయించాలి. ఒకే స్టీలు గ్లాసు, ఒక వంటింటి ఎలక్ట్రానిక్ కాటా. గ్లాసు అంచుదాకా నీళ్లు పోసి తూచండి, తుడిచి నూనె పోసి తూచండి, ఉప్పు ఇక కరగనంతగా కలిపిన నీళ్లు పోసి తూచండి. వంద గ్రాముల నీళ్లు పట్టే గ్లాసులో వంటనూనె సుమారు 92 గ్రాములు, చిక్కటి ఉప్పునీళ్లు సుమారు 120 గ్రాములు తూగుతాయి. చోటు ఒకటే, బరువులు వేరు. ఆ మూడు అంకెలు పిల్లల చేత బోర్డు మీద రాయించాక, నూనె నీళ్ల మీద ఎందుకు నిలుస్తుందో ఎవరూ అడగరు. ఇంకో ముచ్చట. గ్లాసు నూనెలో మంచుముక్క వేయించండి. మంచు సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.917 గ్రాములు, దాదాపు నూనెదే. అందుకని తేలీ తేలనట్టు వేలాడుతుంది. కరిగిన నీటి బొట్లు మాత్రం ఒక్కొక్కటిగా అడుక్కి జారతాయి. పిల్లలు దాని ముందు నుంచి కదలరు.

అంచుదాకా నింపిన గిన్నెలో బంగాళాదుంప ముంచి, పొర్లిన నీళ్లు పట్టి తూస్తే, దుంప కన్నా ఆ నీళ్ల బరువు తక్కువ వస్తుంది. వంకాయను తేలనిచ్చి తూస్తే రెండూ సమానం. సిరక్యూజ్‌లో రెండు వేల ఏళ్ల కిందట ఆర్కిమెడిస్ పట్టుకున్నది ఇదే. మనవాళ్లు ఆయన స్నానాల తొట్టి నుంచి పరుగెత్తిన కథ చెప్పి, ఆయన దేన్ని దేనితో పోల్చాడో చెప్పడం మరిచిపోతారు.

ఒక జాగ్రత్త. నీళ్ల మీద మెల్లగా పడుకోబెట్టిన సూది తేలుతుంది. అది నీటి ఉపరితలం చేసే పని, సాంద్రతకు సంబంధం లేదు. రెండింటినీ ఒకే రోజు చూపిస్తే అంతా కలగాపులగమైపోతుంది. సూదికి వేరే వారం కేటాయించండి.

పరీక్ష మారకపోతే ఇదంతా వేడుకగానే మిగిలిపోతుంది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ విజ్ఞాన శిక్షణ కార్యక్రమం 1972లో పదహారు బడులతో మొదలై 2002 వరకు సాగింది. అక్కడ పిల్లలు పుస్తకం దగ్గర పెట్టుకునే పరీక్ష రాశారు, ప్రయోగం చేసి చూపించే పరీక్ష కూడా ఉండేది. ఆ తీరు మన రెండు రాష్ట్రాల్లో ఎందుకు కుదరదు? ఐదో తరగతి పిల్లకు ఒక గ్లాసు నీళ్లు, కోసిన బంగాళాదుంప ముక్క, గిన్నెడు ఉప్పు ఇచ్చి, దీన్ని తేల్చి చూపించు, ఎందుకు తేలిందో నీ మాటల్లో రాయి అని అడగాలి. ‘ఉప్పు కింది నుంచి తోసింది’ అని రాసినా కొన్ని మార్కులు వేయాలి, తేల్చి చూపించింది కదా. ఆ తరువాత ఆ పిల్ల చేతికి కాటా ఇచ్చి, దుంపనూ అంతే చోటు పట్టే ఉప్పునీళ్లనూ తూచమనాలి.